ఆన్‌లైన్ క్లాసులో పిల్లలు నోరు విప్పాలంటే

తెర మీద అరవై రెండు పేర్లు. అన్నీ నల్ల డబ్బాలే. ఇరవై నిమిషాలు డిమాండ్ సూత్రం చెప్పి "అర్థమైందా?" అని అడిగితే చాట్‌లో మూడు "ఎస్ సార్"లు వచ్చాయి. మిగతా యాభై తొమ్మిది మంది దగ్గర ఉలుకూ పలుకూ లేదు. మీరు వరంగల్‌లోనో జనగామలోనో మంచిర్యాలలోనో కూర్చుని డిగ్రీ, పీజీ పిల్లలకు ఆన్‌లైన్‌లో పాఠం చెప్తుంటే ఇది మీకు రోజూ ఉన్నదే. 2020లో కాలేజీలు మూతబడ్డప్పుడు నాకు మొదలైన ఈ పని ఇంకా ఆగలేదు. డిగ్రీ పిల్లలకు సాయంత్రం క్లాసులు, దూరవిద్య వాళ్లకు ఆదివారం క్లాసులు ఇప్పటికీ ఆన్‌లైన్‌లోనే చెప్తున్నాను. నా సబ్జెక్టు అర్థశాస్త్రం.

ఒక రోజు క్లాసు అయిపోయాక అందరూ వెళ్లిపోయారు గానీ ఒక్క పేరు తెర మీదే ఉండిపోయింది. ఫోన్ ఆన్ చేసి పెట్టి ఎటో పోయింది ఈ పిల్ల అనుకుని, కొంచెం కోపంగానే పేరు పెట్టి పిలిచాను. ముందు గాలి చప్పుడు, ఎవరో దూరం నుంచి కేకేస్తున్న చప్పుడు వినిపించాయి. తర్వాత గొంతు వచ్చింది. "సార్, పత్తి చేన్ల ఉన్న సార్. చేతులు ఖాళీ లేక కట్ చెయ్యరాలే. మొత్తం ఇన్న." ఇయర్‌ఫోన్ స్కార్ఫ్ కింద పెట్టుకుని, ఫోన్‌ను నడుముకు కట్టిన ఒడిలో వేసుకుని, వంగి పత్తి ఏరుకుంటూ పాఠం విన్నది. కూలి కిలో లెక్కన ఇస్తే మేలా, రోజు లెక్కన ఇస్తే మేలా అని అడిగాను. "మొదటి ఏరుడుకైతే కిలో లెక్కనే మంచిగుంటది సార్. మూడో ఏరుడుకు చేన్ల పత్తే ఉండది, దినమంతా ఏరినా కూలి పడది" అంది. నేను ఆ రోజు స్లైడ్ల మీద చూపించిన ఉదాహరణల్లో ఒక్కటీ దీనికి సరిరాదు.

ఆ పిల్ల క్లాసులోనే ఉంది. నాకు కనపడే దారే లేదు. ఆ దారి వేయాల్సింది నేను. ఆ తర్వాత సెమిస్టర్ వెంట సెమిస్టర్ చేసి చూసుకున్న పద్ధతి కింద రాస్తున్నాను. మీ సబ్జెక్టుకు తగ్గట్టు మార్చుకోండి.

సెమిస్టర్‌కు ముందు: ఫోన్ ఎవరిదో అడగండి

క్లాసులు మొదలవడానికి వారం ముందే ఒక చిన్న గూగుల్ ఫారం పంపండి. తెలుగులోనే రాయండి. మార్కులు, ర్యాంకులు అందులో అడగకండి. నేను అడిగేవి ఇవి: క్లాసు వినే ఫోన్ నీదా, ఇంట్లో వేరేవాళ్లదా? నీ చేతికి ఏ టైంకు వస్తుంది? సిగ్నల్ ఇంట్లో ఉంటుందా, డాబా ఎక్కాలా, ఊరి బయటికి పోవాలా? చదువుతోపాటు ఏ పని చేస్తున్నావు? ఇంటర్ ఏ మీడియం? క్లాసులో నోటితో మాట్లాడటం సులువా, టైప్ చేయడం సులువా? చివర్లో ఒక ఖాళీ గడి, "నేను తెలుసుకోవాల్సింది ఇంకేమైనా ఉంటే రాయి" అని. ఆ గడిలో వచ్చేదే అన్నిటికన్నా విలువైనది. అది మీ దగ్గరే ఉండాలి, స్టాఫ్‌రూంలో చెప్పుకోకూడదు.

ఫారం నింపనివాళ్లు పది పదిహేను మంది ఉంటారు. వాళ్లకు ఫోన్ చేసి మీరే నింపండి. సగం మందికి నెట్ ప్యాక్ అయిపోయి ఉంటుంది, లేదా ఆ నంబరు నాన్నదై ఉంటుంది.

జవాబులు వచ్చాక ఒక కాగితం మీద పట్టిక గీయండి. నా పిల్లల్లో భూపాలపల్లి, గోదావరిఖని వైపు వాళ్లు కొందరు. నాన్న సింగరేణిలో నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పగలు పడుకుంటే, రెండు గదుల క్వార్టర్‌లో ఆ పిల్లవాడు నోరెత్తి మాట్లాడలేడు. మనం మాత్రం "మైక్ ఆన్ చెయ్, మాట్లాడు" అని గద్దిస్తుంటాం. పట్టిక గీసుకున్న రోజు నుంచి నా క్లాసులో టైప్ చేసిన జవాబుకూ నోటితో చెప్పిన జవాబుకూ తేడా లేదు. క్లాసు టైం కూడా ఆ పట్టిక చూసే పెట్టాను. పగలు పదకొండుకు కాకుండా సాయంత్రం ఏడింటికి పెడితే ఫోన్లు ఎక్కువమంది చేతిలో ఉంటాయని అందులోనే తేలింది. మీ దగ్గర వేరేగా తేలవచ్చు. టైంటేబుల్ మీ చేతిలో లేకపోతే కనీసం సందేహాల గంటనైనా వాళ్లకు కుదిరే వేళకు పెట్టండి.

క్యాలెండర్ కూడా అప్పుడే దగ్గర పెట్టుకోండి. బతుకమ్మ తొమ్మిది రోజులు, పత్తి ఏరే నెలలు, మిర్చి తెంపే నెలలు, రెండేళ్లకోసారి మేడారం జాతర. 2024లో జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది. ఆ నాలుగు రోజుల్లో ములుగు వైపు పిల్లలకు స్లిప్ టెస్ట్ పెట్టడమంటే రావద్దని చెప్పడమే.

పేర్లు సరి చేయండి

మొదటి రోజు తెర మీద కనపడే పేర్లు చూడండి. రెడ్‌మీ, వివో, "అన్న కొత్త నంబర్", తండ్రి పేరు, తమ్ముడు ఆడుకునే గేమ్ పేరు. ఎవరు ఎవరో తెలియకుండా అరవై మందితో చనువు ఎట్లా కుదురుతుంది? మొదటి ఐదు నిమిషాలు దీనికే ఇవ్వండి. ప్రతి ఒక్కరినీ తన పేరు, పక్కన ఊరు పేరు పెట్టుకోమనండి. ఎట్లా మార్చాలో మీ ఫోన్ తెర చూపిస్తూ నెమ్మదిగా చెప్పండి. జూమ్‌లోనైతే క్లాసు లోపలే పేరు మార్చుకోవచ్చు. గూగుల్ మీట్‌లో అకౌంట్ పేరే కనపడుతుంది కాబట్టి చాట్‌లో రాసే ప్రతి జవాబు ముందు పేరు, ఊరు రాయమనండి.

ఊరు పేరు ఎందుకంటే, రెండో వారం నుంచి మీరు "పరకాల ఏమంటుంది? గోవిందరావుపేట ఒప్పుకుంటుందా?" అని అడగగలుగుతారు. పిల్లలు నవ్వుతారు, జవాబు చెప్తారు. మన ప్రాంతంలో ఊరు పేరు పెట్టి పిలిస్తే మనిషిని పిలిచినట్టే.

మొదటి క్లాసులో సిలబస్ తీయకండి

అందరితో పరిచయాలు చెప్పిస్తే మనిషికి నిమిషం చొప్పున గంట పోతుంది. ఇరవయ్యో మనిషి దాకా వచ్చేసరికి వినేవాళ్లు ఉండరు. దాని బదులు ముందు రోజే ఒక పని ఇవ్వండి: మీ ఊర్లో కొనడం అమ్మడం జరిగే ఒక చోటు ఫోటో తీసి, అర నిమిషం గొంతు నోటుతో (వాయిస్ నోట్) పంపండి. ముందు మీది పంపండి. నేను మా వాడకట్టు చివర్లో కూరగాయల బండి ఫోటో పంపి, ఆమె ఉదయం ఏడింటికి టమాటా ఎంత చెప్తుందో, రాత్రి ఎనిమిదింటికి ఎంతకు ఇస్తుందో చెప్పాను. మరునాటికి ఏనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు, జమ్మికుంట పత్తి మార్కెట్ ముందు ట్రాక్టర్ల వరస, ఏటూరునాగారం అంగడి, ఒక కిరాణా కొట్టు గల్లా పెట్టె వచ్చాయి. ఆ గల్లా పెట్టె వెనక అప్పు ఖాతా పుస్తకం కూడా కనపడుతోంది. మొదటి క్లాసు మొత్తం ఆ ఫోటోల మీదే నడిచింది. సిలబస్‌లో నాలుగు యూనిట్లు ఉంటే నాలుగింటికీ ఆ ఫోటోల్లో ఏదో ఒక ముడి దొరికింది.

ఆన్‌లైన్ క్లాసుకు ఉన్న ఒక పెద్ద బలం ఇదే. హన్మకొండ సుబేదారిలో కాలేజీ గదిలో కూర్చుంటే అందరూ ఒకే గోడ చూస్తారు. ఇప్పుడు అరవై మంది అరవై చోట్ల ఉన్నారు, ఒక్కో చోట మీ పాఠానికి పనికొచ్చేది ఏదో ఒకటి ఉంది. చరిత్ర చెప్పేవాళ్లకైతే పాలంపేట దగ్గరి పిల్ల 1213 నాటి రామప్ప గుడి ముందు నిలబడి మాట్లాడగలదు. జువాలజీ వాళ్లకు ప్రతి ఊరికీ చెరువుంది. ఫిజిక్స్ వాళ్లకు బావి దగ్గర మోటరు, స్టార్టర్ డబ్బా ఉన్నాయి. తెలుగు చెప్పేవాళ్లకు ఇంట్లో అమ్మమ్మ మాట ఉంది.

ప్రశ్న ఎట్లా అడగాలి

"అర్థమైందా?" అనే మాట మానేయండి. దానికి ఎవరైనా అవుననే అంటారు, కాదంటే పరువు పోతుందని భయం. నేను వాడే పద్ధతి చెప్తాను. ఏడెనిమిది నిమిషాలు చెప్పి ఆగుతాను. 2014లో ఫిలిప్ గువో, ఆయన తోటి పరిశోధకులు ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక కోర్సుల్లో 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించారు. వీడియో ఎంత పొడుగున్నా విద్యార్థులు మామూలుగా ఆరు నిమిషాలకు మించి చూడటం లేదని తేలింది. లైవ్ క్లాసు వేరే సంగతి గానీ, ఫోన్ పట్టుకున్న చెయ్యి అదే కదా.

ఆగి ఒక ప్రశ్న తెర మీద పెడతాను. జవాబు టైప్ చేయమంటాను, "నేను చెప్పేదాకా పంపే బటన్ నొక్కొద్దు" అంటాను. మొదట పంపే ఇద్దరు ముగ్గురిని చూసి మిగతావాళ్లు వాళ్ల జవాబే రాస్తారు కాబట్టి ఈ షరతు. తర్వాత ఆగుతాను. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలోనే ఒక సంగతి గమనించింది. ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక సెకనుకు మించి ఆగడం లేదు, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతున్నాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడుతున్నారు. ఆన్‌లైన్‌లో మూడు సెకన్లు చాలవు. గొంతు చేరడానికి ఆలస్యం, తెలుగు టైపింగ్‌కు ఆలస్యం. నేను నిమిషం ఆగుతాను. ఆ నిమిషం చాలా పొడుగనిపిస్తుంది, నోరు ఊరికే ఉండదు. మంచినీళ్లు తాగండి, నోట్సులో ఏదైనా రాసుకోండి, మాట్లాడకండి. తర్వాత "ఇప్పుడు పంపండి" అనండి. చాట్‌లో ఒకేసారి నలభై జవాబులు వచ్చి పడతాయి. కనీసం ఆరింటిని పేరు, ఊరుతో సహా పైకి చదవండి.

ఒక క్లాసు ఎట్లా నడిచిందో చూపిస్తాను. పాఠం మద్దతు ధర. 2024-25 సీజన్‌కు పొడుగు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. ఆ ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ (కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా). తెర మీద ప్రశ్న పెట్టాను: "సీసీఐ కేంద్రంలో 7,521. ఇంటి ముందుకు వచ్చిన దళారి 6,600 అంటున్నాడు. మీ బాపు ఎవరికి అమ్ముతాడు? ఎందుకు?" నిమిషం తర్వాత వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం "సీసీఐకే, రేటు ఎక్కువ" అని. పుస్తకం ప్రకారం సరైన జవాబు. వాటి మధ్యలో నర్సంపేట వైపు నుంచి ఒక పిల్లవాడిది: "మేం దళారికే ఇచ్చినం సార్. విత్తనాలకు పైసలు ఆయన దగ్గరే తెచ్చినం." నేను దాన్ని రెండుసార్లు చదివి ఊరుకున్నాను. ఇంకో నిమిషంలో ఇంకొకటి: "తేమ 12 శాతం దాటింది అని వాపస్ పంపిన్రు. ట్రాక్టర్ కిరాయి మీద పడ్డది." సీసీఐ 8 శాతం తేమకు పూర్తి ధర ఇస్తుంది, 12 దాకా కోత పెట్టి కొంటుంది, అది దాటితే కొనదు. ఈ నిబంధన నేను చెప్పకముందే ఆ పిల్ల చెప్పేసింది. మూడోది: "మాది కౌలు భూమి. పాసుబుక్కు మా పేరు మీద లేదు." అప్పు మార్కెట్టూ సరుకు మార్కెట్టూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయని పీజీ పుస్తకంలో ఒక అధ్యాయమే ఉంది. ఆ అధ్యాయాన్ని డిగ్రీ రెండో ఏడు పిల్లలు ముగ్గురు కలిసి చెప్పారు. ఆ రోజు క్లాసు నలభై నిమిషాలకు అయిపోవాలి, గంటంపావు నడిచింది, ఎవరూ వెళ్లలేదు.

ఇట్లాంటి చర్చ మొదలైతే రికార్డింగ్ ఆపేయండి. ఇంటి అప్పుల గురించి మాట్లాడే పిల్ల గొంతు వీడియోలో ఉండిపోకూడదు. పాఠం భాగాన్ని మాత్రమే రికార్డు చేసి, పది నిమిషాల ఆడియో ముక్కలుగా పంపితే రానివాళ్లు పనిలో ఉండి కూడా వింటారు.

కెమెరా గురించి

బలవంతంగా కెమెరా ఆన్ చేయించకండి. గంటసేపు వీడియో క్లాసు అంటే అర జీబీ పైమాటే. రోజుకు జీబీన్నర ప్యాక్ మీద ఇద్దరు ముగ్గురు చదువుకునే ఇళ్లున్నాయి. గొంతు మాత్రమే అయితే నూరు ఎంబీ లోపల అయిపోతుంది. డేటా సంగతి పక్కన పెట్టినా, వెనక గోడ, ఆరేసిన బట్టలు, మంచం మీద పడుకున్న తాత, ఇవన్నీ అరవై మందికి చూపించాలని ఏ పిల్లకూ ఉండదు. మీ కెమెరా మాత్రం ఆన్‌లో ఉండాలి. ముఖం మీద వెలుతురు పడేట్టు కిటికీకి ఎదురుగా కూర్చోండి. గంటసేపు పీపీటీ ఒక్కటే చూపిస్తే అవతల మనిషి ఉన్నట్టే అనిపించదు. చెప్పేటప్పుడు పీపీటీ తీసేసి మీ ముఖం, మీ తెల్ల కాగితం చూపించండి.

వాళ్ల మాటను దిద్దకండి

ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్న సంగతి. తెలుగు మీడియంలో ఇంటర్ చదివి డిగ్రీలో ఇంగ్లిష్ మీడియంలోకి వచ్చిన పిల్లలు నా క్లాసులో సగానికి పైనే. వాళ్లకు జవాబు తెలుసు. ఇంగ్లిష్‌లో చెప్పరాదు, పుస్తకం తెలుగులో చెప్పాలంటే నోరు తిరగదు, ఇంట్లో మాట్లాడినట్టు చెప్తే ఎవరైనా నవ్వుతారేమో అని నామోషీ. మూడు తలుపులూ మూసుకున్నాక మౌనంగా ఉండక ఏం చేస్తారు?

మొదటి క్లాసులోనే చెప్పండి: "మీరు ఇంట్లో ఎట్ల మాట్లాడుతరో గట్లనే చెప్పండి." మీరు కూడా ఒకటి రెండు వాక్యాలు గట్లనే మాట్లాడండి. ఎవరైనా "గిట్టుబాటు కాదు సార్" అంటే "మంచి మాట, దీన్నే పుస్తకంలో నష్టం రాకుండా ఉండే ధర కన్నా తక్కువ అంటారు" అని రెండింటినీ పక్కపక్కన పెట్టండి. పరీక్షకు దాని ఇంగ్లిష్ మాట కావాలి కాబట్టి అది చివర్లో చెప్పండి, రాయించండి. చాట్‌లో తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే రాయనివ్వండి. అక్షర దోషాల జోలికి అందరి ముందూ పోకండి. ఒక పిల్లవాడి జవాబులో మాట దిద్దాను ఒకసారి, మంచి ఉద్దేశంతోనే. ఆ సెమిస్టర్ మొత్తం అతను చాట్‌లో మళ్లీ ఒక్క అక్షరం రాయలేదు. ఆ తప్పు నాది.

జట్లు కట్టండి, నంబర్ల విషయం జాగ్రత్త

అరవై మందిలో ఎవరూ మాట్లాడరు, ఐదుగురిలో మాట్లాడతారు. ఐదుగురేసి జట్లు చేయండి. రోల్ నంబరు వరసన కాకుండా, ఫారంలో చెప్పిన ఖాళీ వేళలు కలిసేట్టు చూసి చేయండి. కుదిరితే ఒకే దారిలో బస్సెక్కేవాళ్లు ఒక జట్టులో పడాలి. హన్మకొండ బస్టాండులో కలుసుకునే వీలు ఉంటే ఆ జట్టు నిలబడుతుంది. జట్టుకు వారానికో చిన్న పని ఇవ్వండి, జట్టు పెద్ద వారానికొకరు మారాలి. ఆ జట్టు పెద్ద చేయాల్సిన పనులు రెండే: జట్టు జవాబు పంపడం, క్లాసుకు రానివాళ్లకు ఫోన్ చేసి ఏమైందో కనుక్కోవడం.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దాచకుండా చెప్తాను. నేను మొదట్లో అందరినీ ఒకే వాట్సాప్ గ్రూపులో వేశాను. ఆ గ్రూపులోంచి ఒక అమ్మాయి నంబరు బయటికి పోయింది. రాత్రిపూట తెలియని కాల్స్ వచ్చాయి. ఇంట్లోవాళ్లు ఫోన్ తీసేసుకున్నారు, చదువు దాదాపు ఆగిపోయింది. ఆమెను మళ్లీ క్లాసులో కూర్చోబెట్టడానికి వాళ్లింటికి రెండుసార్లు పోయి తల్లితో మాట్లాడాల్సి వచ్చింది. అందుకని ఇప్పుడు పాఠాలు, నోటీసులు అన్నీ గూగుల్ క్లాస్‌రూంలో పెడతాను, అక్కడ ఎవరి నంబరూ ఎవరికీ కనపడదు. జట్టు వాట్సాప్ గ్రూపులో చేరాలా వద్దా అన్నది పిల్లల ఇష్టం. అమ్మాయిలు తమలో తాము జట్టు కట్టుకుంటామంటే వెంటనే ఒప్పుకోండి, కారణం అడగకండి. నంబరు ఇంట్లోవాళ్లది అయితే ఆ ఇంట్లోవాళ్లకు మీరే ఒకసారి ఫోన్ చేసి, "నేను ఫలానా సార్‌ని, క్లాసు ఈ టైంకు ఉంటుంది, నా నంబరు ఇది" అని చెప్పండి. ఆ ఒక్క ఫోన్‌తో ఎంతమంది అమ్మాయిల చేతికి ఫోన్ వచ్చిందో నాకు తెలుసు.

రాని పిల్లను అడగండి

మొత్తం పద్ధతిలో ఒక్కటే చేయగలిగే టైం మీకు ఉంటే ఇది చేయండి.

2000లో గారిసన్, ఆండర్సన్, ఆర్చర్ అనే ముగ్గురు కెనడాలో ఉంటూ ఆన్‌లైన్ చదువు మీద ఒక చట్రం తయారుచేశారు. పాఠం మీద ఆలోచన, పాఠం చెప్పే మనిషి ఉనికి, తోటి మనుషుల ఉనికి, ఈ మూడూ కలిస్తేనే చదువు సాగుతుందని వాళ్ల లెక్క. ఆ ఉనికి పిల్లలకు అన్నిటికన్నా బాగా తెలిసేది తాము రాని రోజునే. క్లాసు గదిలోనైతే పక్క బెంచీ ఖాళీగా కనపడుతుంది. ఆన్‌లైన్‌లో ఒక నల్ల డబ్బా తగ్గితే ఎవరికీ తెలియదు, తెలియదని పిల్లకూ తెలుసు. రెండు క్లాసులు పోయాక మూడోదానికి రావడానికి మొహం చెల్లదు.

మొదటిసారి రానప్పుడు మరునాడే ఒక మెసేజ్ పంపండి. "నిన్న క్లాసులో నీ పేరు కనపడలేదు. అంతా మంచిదేనా? నిన్నటి ఆడియో ఇక్కడుంది, వీలైనప్పుడు విను." అంతే. అటెండెన్స్ శాతం అందులో రాయకండి, ఇంటర్నల్ మార్కుల మాట ఎత్తకండి. ఈ మెసేజ్ ముందే రాసి పెట్టుకుంటే పది మందికి పంపడానికి పది నిమిషాలు చాలు, పేరు మాత్రం ప్రతిసారీ మార్చండి. రెండోసారి రాకపోతే జట్టు పెద్ద ఫోన్ చేస్తాడు. మూడోసారి మీరే చేయండి. ముందు పిల్లకు చేయండి, ఆ తర్వాతే ఇంటివాళ్లకు. సాయంత్రం ఏడు ఎనిమిది మధ్య ఎక్కువగా దొరుకుతారు. ఫోన్‌లో మొదటి మాట "ఎందుకు రావట్లేదు?" కాకూడదు. "ఏం సంగతి బిడ్డా, ఎట్లున్నవ్?" అని అడిగి ఊరుకోండి. చాలామంది వెంటనే చెప్పరు. రెండో నిమిషంలో చెప్తారు. పెళ్లి కుదిరిందనీ, నాన్నకు ఆపరేషన్ అనీ, హైదరాబాద్‌లో డెలివరీ పనిలో చేరాననీ, ఫోన్ తెర పగిలిందనీ. అన్నిటికీ మీ దగ్గర మందు ఉండదు. పెళ్లి కుదిరిన పిల్లకు పరీక్ష తేదీలు ముందే చెప్పగలరు. పనిలో చేరినవాడికి ఆదివారం క్లాసు చూపించగలరు.

రానివాళ్ల పేర్లను ఎర్ర రంగులో గ్రూపులో పెట్టడం మొదటి సెమిస్టర్‌లో నేనూ చేశాను. మరునాడు నలుగురు గ్రూపులోంచి వెళ్లిపోయారు. మళ్లీ ఎప్పుడూ పెట్టలేదు.

రాసిందానికి జవాబు

అసైన్‌మెంట్ పెట్టి నెల దాకా చూడకపోతే పిల్లలు ఇంకోసారి మనసుపెట్టి రాయరు. వారంలో చూడండి. అరవై మందికీ వివరంగా రాయడం కుదరదు కాబట్టి వంతులు వేసుకోండి: వారానికి పన్నెండు మందికి నిమిషం చొప్పున గొంతు నోటు పంపితే ఐదు వారాల్లో అందరికీ ఒకసారి వస్తుంది, మీకు వారానికి పావు గంట పడుతుంది. మిగతావాళ్లకు మార్కు, ఒక్క వాక్యం చాలు. గొంతు నోటులో వాళ్లు రాసిన ఒక వాక్యాన్ని మీ నోటితో చదవండి. "నువ్వు రెండో పేజీలో మీ అవ్వ సంఘం అప్పు గురించి రాసిన మాట నాకు బాగా నచ్చింది. వడ్డీ లెక్క మాత్రం మళ్లీ చెయ్, నెలకు వేసినవు, ఏడాదికి వెయ్యాలె." సార్ నిజంగా చదివాడని ఆ వాక్యంతోనే తెలుస్తుంది. కొందరు ఆ నోటు ఇంట్లో అందరికీ వినిపిస్తారు.

మాట్లాడినందుకు మార్కులు ఇవ్వాలా అని అడుగుతుంటారు. ఇంటర్నల్స్‌లో కొంచెం ఇవ్వండి, కానీ ఆలస్యంగా పంపిన గొంతు నోటుకూ క్లాసులో ఇచ్చిన జవాబుకూ ఒకే విలువ ఉండాలి. లేకపోతే సిగ్నల్ ఉన్న ఊరికి మార్కులు పడతాయి.

పాఠం లేని గంట

వారానికి ఒక సాయంత్రం లింక్ తెరిచి ఊరికే కూర్చోండి. "చాయ్ టైం" అని పేరు పెట్టండి, సందేహాల క్లాసు అంటే రారు. మొదటి రెండు వారాలు ఒక్కరూ రాకపోవచ్చు. మీరు ఆ గంట మీ పేపర్లు దిద్దుకుంటూ కూర్చోండి, లింక్ మాత్రం మూయకండి. మూడో వారం ఒకరు వస్తారు, పాఠం గురించి కాకుండా గ్రూప్-4 నోటిఫికేషన్ గురించో, బీఈడీ గురించో అడుగుతారు. చెప్పండి. నాలుగో వారం ఆ ఒక్కరు ఇంకొకరిని వెంటబెట్టుకుని వస్తారు.

వీలైతే సెమిస్టర్‌కు ఒక్కసారి మనుషులుగా కలవండి. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982లో మన తెలుగు గడ్డ మీదే మొదలైంది. దూరవిద్య అయినా స్టడీ సెంటర్లు పెట్టి ఆదివారం క్లాసులు నడిపింది. మేం వేయి స్తంభాల గుడి దగ్గర ఒక ఆదివారం కలిశాం. నలభై మంది వచ్చారు, ఎవరి టిఫిన్ వాళ్లు తెచ్చుకున్నారు. అప్పటిదాకా గొంతులుగా తెలిసినవాళ్లు "నువ్వేనా పరకాల!" అని ఒకరినొకరు గుర్తుపట్టడం చూశాను. రాలేనివాళ్ల కోసం ఒకరు ఫోన్ పట్టుకుని గుడి చుట్టూ తిరిగి చూపించారు.

చివరి క్లాసు

చివరి క్లాసులో రివిజన్ అరగంట చాలు. మిగతా టైంలో ప్రతి ఒక్కరినీ వచ్చే ఏడు చేరబోయే పిల్లలకు ఒక నిమిషం గొంతు నోటు పంపమనండి: ఈ క్లాసులో ఏది కష్టం, ఎట్లా దాటాలి, సార్‌ను ఏం అడగొచ్చు అని. పంపేటప్పుడే "ఇది వేరే పిల్లలకు వినిపించవచ్చా?" అని అడిగి, ఒప్పుకున్నవి మాత్రమే ఒక ఫోల్డర్‌లో దాచండి. పత్తి చేనులోంచి క్లాసు విన్న పిల్ల పంపిన నోటు నా ఫోల్డర్‌లో మొదటిది. ఫోన్‌కు ఛార్జింగ్ ముందు రాత్రే పెట్టుకోవాలనీ, కరెంటు పోతే ఆడియో ముక్కలు ఎక్కడ దొరుకుతాయో, వరి నాట్లప్పుడు ఏ జట్టులో చేరితే మేలో అందులో వివరంగా చెప్పింది. ప్రతి జూలైలో కొత్త బ్యాచ్‌కు మొదటి క్లాసులో, నా పరిచయం కన్నా ముందు, అదే వినిపిస్తాను.